బాగున్న కంటికి మందు

టాలట్,
సెప్టెంబరు, శుక్రవారం

ప్రియమైన కాజిల్‌బార్ శ్రీవారికి,

ఫోన్లో మొదలుపెడితే మన మాటలు అద్దె మీదికో, నీ కొత్త ఉద్యోగం మీదికో పోయి చివరికి "సరేలే, పెట్టేయ్" దగ్గర ఆగుతున్నాయి. అందుకని ముఖ్యమైన సంగతులు ఇకనుంచి రాసి యోగిత సంచీలో పెడతాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు, అదొక సుఖం.

పిల్ల ఎడమ కన్ను గురించి స్కూలువాళ్ళు చెప్పింది నిజమే. లేజీ ఐ అంటారట. కుడి కంటితోనే లోకమంతా చూసేస్తోంది, ఎడమది చూడటం నేర్చుకోనేలేదు. ఇప్పుడు దానికి ఐదేళ్ళు. ఏడెనిమిది దాటితే ఆ కంటికి చూపు నేర్పడం చాలా కష్టమని డాక్టర్ రాబర్ట్ చెప్పాడు. నాకు ఆ మాట విన్నప్పటినుంచి అన్నం సయించడం లేదు.

ఒక మంచి మాట కూడా ఉంది. ఆ క్లినిక్‌లో అట్రోపిన్ అనే కంటి చుక్కల మీద పరిశోధన చేస్తున్నారు. కొందరు పిల్లలకి ఒక కంటికి పట్టీ వేస్తారు, కొందరికి శని, ఆదివారాలు చుక్కలు వేస్తారు. ఏది ఎక్కువ మేలు చేస్తుందో చూస్తారు. మన పిల్లని చేర్చుకున్నారు, చుక్కలు మన వంతుకు వచ్చాయి. శని, ఆదివారాలు నేను వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో డ్యూటీలో ఉంటాను, అది నీ దగ్గర ఉంటుంది. కాబట్టి మందు వేయడం పూర్తిగా నీ పని.

డాక్టర్ చాలాసేపు ఓపిగ్గా వివరించాడు. నాకు సగమే బుర్రకెక్కింది. "అర్థమైందా" అని అడిగితే తలూపాను. అంత పెద్దాయన్ని పట్టుకుని మళ్ళీ మళ్ళీ ఏం అడుగుతాం? ఏ కంటికి ఎలా వేయాలో కాగితం ఇచ్చారు, సీసాతో పాటు పెట్టాను.

గోంగూర పచ్చడి కూడా పెట్టాను. ఒకేసారి తినేయకు.

నీ,
అపర్ణ

*

కాజిల్‌బార్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అపర్ణకి,

పచ్చడి శనివారమే అయిపోయింది. కోప్పడకు.

చుక్కలు వేశాను. నిన్నా వేశాను, ఇవాళా వేశాను. యోగిత బొమ్మలా పడుకుంది, ఒక్క చుక్క కన్నీరు లేదు. తర్వాత చెరువు ఒడ్డుకి వెళ్ళాం. బాతులకి పెట్టమని కొన్న బ్రెడ్డు సగం తనే తినేసి "ఇట్స్ గ్రాండ్, డాడీ, దే ఆర్ నాట్ హంగ్రీ" అంది. దీనికి ఈ ఐరిష్ యాస ఎప్పుడు అబ్బిందో.

నువ్వు పంపిన కాగితంలో ఒక చిన్న పొరపాటు దొర్లింది. నేను చూసుకున్నాను, నువ్వేం కంగారుపడకు. రోజంతా వేరేవాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేవాడి కంట పడకుండా పోతుందా?

వర్షం మొదలైంది. చీకటి పడకముందే బయల్దేరి, ఎప్పటిలాగే దీన్ని మీ పక్కింటి మంగాదేవి ఆంటీ దగ్గర దింపి వెళ్తాను. నీ డ్యూటీ అయ్యేదాకా ఉండి ఒక్కసారి నీ ముఖం చూసి వెళ్దామని ఉంటుంది. సోమవారం పొద్దున ఆఫీసు గుర్తొస్తుంది.

నీ,
రాజ్‌కిరణ్

*

టాలట్,
అక్టోబరు చివర

ప్రియమైన మావారికి,

మందు పనిచేస్తోంది. రాసేదాకా ఆగలేకపోయాను.

ఎడమ కంటిపాప ఎంత పెద్దగా విప్పారిందో చూశావా? ఇన్నాళ్ళు నిద్రపోయిన కన్ను లేచి కూర్చున్నట్టుంది. ఎండ కాస్తే మాత్రం ఆ కన్ను చికిలిస్తోంది, టోపీ పెడుతున్నాను. ఈ దేశంలో టోపీ అవసరమయ్యేంత ఎండ కాయడమే విశేషం అనుకో.

లూయస్ ట్రామ్‌లో ఒకావిడ పరిచయమైంది. వాళ్ళ బాబు కూడా ఇదే పరిశోధనలో ఉన్నాడు. చుక్క వేస్తే వాడికి పుస్తకంలో అక్షరాలు మసకబారి, చిరాకుపడి, పుస్తకం విసిరేస్తాడట. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. మన పిల్లకి ఏ ఇబ్బందీ లేదని చెబితే నమ్మలేదు. దిష్టి తగులుతుందని అక్కడితో ఆపేశాను.

వచ్చే వారం పరీక్ష ఉంది. నువ్వు ఉంటే బాగుండేది.

నీ,
అపర్ణ

*

టాలట్,
నవంబరు

ప్రియమైన రాజ్,

ఈ 'ప్రియమైన' అలవాటు కొద్దీ రాస్తున్నాను, మనసొప్పి కాదు.

ఎడమ కన్ను ఉన్నచోటే ఉంది. వీసమెత్తు మెరుగు లేదు. డాక్టర్ రాబర్ట్ పిల్ల కంట్లోకి లైటు వేసి చూసి ఆగిపోయాడు. "ఏ కంట్లో వేస్తున్నారు?" అని అడిగాడు. నేను ఆ విప్పారిన కన్ను గర్వంగా చూపించాను.

చుక్క వేయాల్సింది కుడి కంట్లో, రాజ్. బాగున్న కంట్లో. ఆ మందు దగ్గర చూపుని మసకబారుస్తుంది. కుడి కన్ను చూడలేక పక్కకు తప్పుకుంటేనే ఎడమది కష్టపడి పని నేర్చుకుంటుంది. అదీ వైద్యం. మనం ఏం చేశాం? అసలే చూడలేని కంటికి ఇంకా మసక పెట్టాం. పిల్ల ఏడవకపోవడం మన అదృష్టం అనుకున్నాం. అది ఎప్పటిలాగే కుడి కంటితో హాయిగా చూసుకుంటోంది కాబట్టి ఏడవలేదు.

కాగితంలో పొరపాటు అన్నావే, అదేనా? కాగితంలో 'కుడి' అని ఉంటే నువ్వు 'ఎడమ' అని దిద్దుకున్నావా? ఒక్క మాట నన్ను అడగలేకపోయావా? నాకు తెలియదంటే ఫోన్ చేసి వాళ్ళని అడగలేకపోయావా? నాకు ఎంత కోపంగా ఉందో ఈ అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

కంటికి హాని లేదట. కొన్నాళ్ళకి ఆ మందు ప్రభావం పోతుందట. పోయిన నెలలు మాత్రం పోయినట్టే.

ఇంకో సంగతి. ఎన్ని వారాలు ఇలా వేశారని నర్సు షినేడ్ అడిగింది. పిల్ల నాన్నని అడిగి చెబుతానని తప్పించుకున్నాను. మొదటినుంచీ అంటే మనల్ని పరిశోధనలోంచి తీసేస్తారేమోనని భయం. పోయిన వారం ఒక్కసారి పొరపాటు పడ్డామని చెబితే సరిపోదా? నాకు పిల్ల కన్ను కావాలి, రాజ్. అబద్ధమాడైనా సరే. ఏం చెప్పమంటావు?

అపర్ణ

*

కాజిల్‌బార్,
ఆదివారం

ప్రియమైన అపర్ణా,

నీ ఉత్తరం చదివి కారులోనే చాలాసేపు కూర్చుండిపోయాను. యోగిత వెనకసీట్లోంచి "ఆర్ వీ దేర్?" అని అడుగుతూనే ఉంది. మనం ఇంటి ముందే ఉన్నామని చెప్పలేకపోయాను.

అవును, దిద్దుకున్నాను. జబ్బు ఎడమ కంటికైతే మందు కుడి కంటికి ఎవరైనా వేస్తారా అనుకున్నాను. టైపు చేసినవాళ్ళు తారుమారు చేశారనుకున్నాను. ఆఫీసులో అనుమానం వస్తే పదిమందిని అడిగేవాణ్ణి, డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడ్డాను. మనవాళ్ళందరి సంగతీ అంతేగా. ఎదురుగా తలూపుతాం, ఇంటికొచ్చి మనకి తోచింది చేస్తాం.

నువ్వు అడిగినదానికి జవాబు. శుక్రవారం ఇక్కడికి చేరగానే క్లినిక్‌కి నేనే ఫోన్ చేశాను. మొదటి వారం నుంచీ తప్పు కంట్లోనే వేశానని షినేడ్‌కి చెప్పాను. నిన్ను అడగకుండా చెప్పినందుకు తిట్టు, పడతాను. కానీ ఒక్కటి ఆలోచించు. మనం దాచిపెడితే యోగిత కన్ను మెరుగుపడలేదని, ఈ చుక్కలు పనిచేయలేదని వాళ్ళు రాసుకుంటారు. రేపు ఎక్కడో ఇంకో పిల్లకి ఈ మందు దొరక్కుండా పోతే, అందులో మన అబద్ధం కూడా ఉంటుంది. తప్పుడు రిపోర్టు రాసే టెస్టర్ని నేను క్షమించను. నా కూతురి పేరు మీద నేనే ఎలా రాయిస్తాను?

మనల్ని తీసేయలేదు. ఇలాంటివి జరుగుతాయట, జరిగినట్టే రాసుకుంటారట. పైగా ఇప్పుడు అన్ని కుటుంబాలకీ ఫోన్ చేసి ఏ కంట్లో వేస్తున్నారని అడుగుతారట. మనలాంటి మేధావులు ఇంకెందరు తేలతారో.

నిన్న కుడి కంట్లో వేశాను. లెగో ముక్కలు కనబడక విసిరికొట్టింది. "డాడీ, యూ బ్రోక్ మై గుడ్ ఐ" అని ఏడ్చింది. వంటింట్లోకి వెళ్ళి అలమర తలుపు తీసి, అందులో ఏదో వెతుకుతున్నట్టు నిలబడి నేనూ ఏడ్చాను. ఇవాళ మళ్ళీ వేశాను. ఇది నావల్ల కాదు, అపర్ణా. డాక్టర్‌ని అడిగి మందు రోజులు మార్పించి నువ్వే వెయ్యి.

నీ,
రాజ్‌కిరణ్

*

టాలట్,
ఏప్రిల్

ప్రియమైన రాజ్,

మందు నువ్వే వేయాలని నవంబరులో నేను పట్టుబట్టినప్పుడు నన్ను రాక్షసివి అనుకునే ఉంటావు. పిల్ల ఏడుపు చూడలేక మానేస్తావేమోనని ప్రతి ఆదివారం రాత్రి ముందుగా దాని కుడి కంటిపాప మందుకి విప్పారిందో లేదో చూసేదాన్ని. ఒక్క వారం కూడా నువ్వు తప్పలేదు. ఆ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

నువ్వు ఫోన్ చేసి నిజం చెప్పిన రోజు నాకు ఒళ్ళు మండింది. పిల్లకంటే నీ నిజాయితీ ఎక్కువైపోయిందా అనుకున్నాను. నువ్వు చేసిందే సరైనది. నేనైతే చెప్పేదాన్ని కాదు.

ఇవాళ పరీక్ష జరిగింది. ఈసారి నేను తలూపలేదు. ఇదెందుకు, అదెందుకు అని డాక్టర్ రాబర్ట్‌ని గుచ్చి గుచ్చి అడిగాను. పాపం, ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని బొమ్మలు గీసి చూపించాడు. విసుక్కుంటాడనుకున్నాను, సంతోషించాడు. చుక్కలు ఇక ఆపేయమన్నాడు. కళ్ళజోడు మాత్రం పెట్టుకోవాలట. ఇకమీదటి పరీక్షలు మీ కాజిల్‌బార్ ఆసుపత్రిలో చేయించుకోవచ్చా అని కూడా అడిగాను. చేయించుకోవచ్చట. మేలో ఇక్కడి లీజు అయిపోతుంది, ఇక పొడిగించను. అక్కడ ముసలివాళ్ళకి అన్నం తినిపించేవాళ్ళు అక్కర్లేదా ఏం? అందరం ఒకే ఇంట్లో ఉండి ఎదురెదురుగానే పోట్లాడుకుందాం.

చూపు ఎంత మెరుగైందని అడుగుతావు కదూ. ఆ లెక్కలు కాగితం మీద ఉన్నాయి, నువ్వే చదువుకో. నేను చూసింది మాత్రం చెబుతాను. షినేడ్ దాని కుడి కన్ను మూసింది. గోడ మీది అక్షరాలు చదవమంటే చదవకుండా యోగిత నావైపు తిరిగింది. ఆ ఎడమ కంటితో నా ముఖాన్ని మెల్లగా, అంతా వెతికింది. తర్వాత నా పై పెదవి పక్కన వేలు పెట్టి, తెలుగులోనే అంది: "అమ్మా, ఈ కన్నుకి కూడా నీ పుట్టుమచ్చ కనిపిస్తోంది."

నీ,
అపర్ణ