ఊపిరి తీసుకునే చోటు

జూన్ 4

మా నాన్న వాయించిన హార్మోనియాన్ని ప్రార్థన మందిరం స్టోర్‌రూమ్‌లో పడేసి తాళం వేశారు. వేసింది ఎవరో కాదు, మా పెదనాన్న. కమిటీకి ఆయనే పెద్ద, నాన్నకి సొంత అన్న. నాన్న పోయి నెల కూడా నిండలేదు. ఆ హార్మోనియం పెట్టె ఉండే చోట ఇప్పుడో నల్లటి స్పీకర్ నా భుజమంత ఎత్తున నిలబడి ఉంది. పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలట, పాటలన్నీ అదే పాడేస్తుందట.

వాయించేవాడే లేనప్పుడు పెట్టె ఎందుకే, ఎలకలు కాపురం పెట్టడానికా అన్నాడు పెదనాన్న. నేను వాయిస్తానన్నాను. నీకు దేవుడే లేడుగా కరపత్రాలమ్మా, ఎవరికోసం వాయిస్తావ్ అన్నాడు. కమిటీ అంతా ఇకిలించింది.

ఈ ఆదివారం కాక పై ఆదివారం నాన్న సంస్మరణ ప్రార్థన. ఆ రోజు మోగాల్సింది నాన్న పెట్టె. స్పీకర్ మోగిందా, ఫ్యూజ్ పీకేస్తాను.

జూన్ 5

శాంతంగా ఉండమని అమ్మ. శాంతం వల్లే కదా ఈ దేశాలన్నీ ఇలా తగలడ్డాయి!

జూన్ 7, ఉదయం

తోటకి నీళ్ళు పెట్టి వచ్చాను. కాలువ మడవ మార్చి నీళ్ళు మడికి మళ్ళించేటప్పుడు నాన్న ఒక పాట పాడేవాడు. పాట అయిపోయేసరికి ఆ మడి నిండేది. గడియారం చూసిన మనిషి కాదు. బీర పాదులకి చిన్న పాట, వంగ మొక్కలకి పెద్ద పాట. ఈ రోజు నేను పాడకుండా పెట్టాను. మడి పొంగి గట్టు తెగింది.

సాయంత్రం కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి పెట్టె ముందు కూర్చునేవాడు. ఎంత కడిగినా గోళ్ళలో మట్టి పోయేది కాదు. పెట్టె తెల్లటి మెట్ల మీద ఆ నల్లటి గోళ్ళు. అక్కకీ నాకూ జడలు వేసింది కూడా ఆయనే, పాయ మీద పాయ తాళం తప్పకుండా. పాట మధ్యలో కదిలితే మళ్ళీ మొదట్నుంచీ మొదలు. ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పేవాడు, ఈనడానికి సిద్ధంగా ఉన్న మేకతో సహా. మేక పేరు నా పేరు కన్నా ముందొచ్చిందని ఓసారి అలిగాను. దానికి ఈ వారం అవసరం ఎక్కువమ్మా అన్నాడు.

దేవుడు లేడంటూ నేను తెచ్చిన కరపత్రాన్ని కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు. కోప్పడతాడేమోనని పోట్లాటకి సిద్ధమై కూర్చున్నాను. మడిచి నా చేతిలో పెట్టి, అంతా బానే ఉంది గానీ ఒక్క పాటైనా లేదేంటమ్మా, పాట లేకుండా జనం ఎలా కూడతారు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

జూన్ 8, ఆదివారం

నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది.

స్పీకర్ పాట మొదలుపెట్టింది. ‘వెలుగు చూపవా, వేకువ తండ్రీ’. మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా వచ్చిన పాట. ‘వేకువ’ దగ్గర జనమంతా ఆగి ఊపిరి తీసుకున్నారు. స్పీకర్ ఆగలేదు. మళ్ళీ అందుకునేలోపు అది తరవాతి చరణంలో ఉంది. పరిగెత్తి పట్టుకున్నారు, ఇంకో చోట మళ్ళీ ఆగారు. చివరికి స్పీకర్ ఒక్కతే పాడుకుంది, మిగతావాళ్ళు బస్సు తప్పిపోయిన ప్రయాణికుల్లా చూస్తూ నిలబడ్డారు. మా పక్కింటి అవ్వ, దీనికి అంత తొందరేంట్రా, పొయ్యి మీద ఏమన్నా పెట్టొచ్చిందా అంది.

పెదనాన్న సౌండ్ పెంచాడు.

ఎందుకు ఆగుతామో నాకు తెలుసు. నాన్న పెట్టెలో ఒక మెట్టు పలకదు, ధైవతం, సరిగమల్లో ‘ద’. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పలకదు. అది వచ్చిన చోటల్లా నాన్న వేలు ఆపేవాడు, జనం ఊపిరి తీసుకునేవాళ్ళు. పాటంటేనే అది అనుకున్నాం మేము.

జూన్ 9, మధ్యాహ్నం

తాళంచెవి పెద్దమ్మ ఇచ్చింది. ఇచ్చిందని కూడా అనలేను. పప్పు డబ్బా మీద పెట్టి, నేను పెరట్లోకి వెళ్తున్నా, డబ్బా వైపు చూడకు అంది.

పెట్టెని ఇంటికి తెచ్చాను. సంస్మరణకి అన్ని మెట్లూ పలికేలా చేయాలని స్క్రూడ్రైవర్ పట్టుకుని పైచెక్క విప్పాను. వరసగా గాలి తగిలితే పలికే ఇత్తడి రీడ్లు, పలకని మెట్టు కింద మాత్రం ఏమీ లేదు. రెండు స్క్రూ కన్నాలు, గాలి పోకుండా శ్రద్ధగా కత్తిరించి అతికించిన తోలుముక్క. విరిగిపోయింది కాదు. ఎవరో విప్పి తీసుకున్నారు.

ఎవరో ఏంటి. మందిరం సామానంతా ఎవరి చేతిలో ఉంటుంది?

జూన్ 10

వెళ్ళి పెదనాన్నని కడిగేశాను. కమిటీ ముందే. మీ తమ్ముడి పెట్టెలోంచి రీడు పీక్కున్నారు, ఆయన జీవితమంతా నోరు మెదపకుండా చచ్చిపోయాడు, ఇక మేం మెదుపుతాం అన్నాను. ఇంకా చాలా అన్నాను. కరపత్రంలోవి కొన్ని, సొంతవి కొన్ని.

తిరిగి తిడతాడని చూశాను. మీ అమ్మనడుగు అని లేచి వెళ్ళిపోయాడు.

జూన్ 10, సాయంత్రం

అమ్మ చెప్పింది. చేతిలో చిక్కుడుకాయలు తుంచుతూనే, తలెత్తకుండా.

ఒకప్పుడు ఊరికి ఒకటే మందిరం. ముందు వరసలో ఎవరు కూర్చోవాలన్న దగ్గర తగువొచ్చింది. అంతే, ఇంకేం లేదు. సగం మంది లేచి వెళ్ళిపోయి పడమటి వీధిలో వేరే మందిరం కట్టుకున్నారు, మనం తూర్పు వీధిలోనే మిగిలాం. అక్కడ హార్మోనియం వాయించేది టైలరు మామయ్య. ఆ తగువుతో మనతో మాటలు మానేసినవాళ్ళలో ఆయనా ఒకడు. ఆయన తల్లి పోయిన రోజు వాళ్ళ పెట్టెలో ధైవతం రీడు విరిగింది. ఆ మెట్టు లేకుండా ఆమెకి ఇష్టమైన పాట కుదరలేదట. ఆ మధ్యాహ్నం నాన్న మన పెట్టె విప్పి, రీడు జేబులో వేసుకుని, అందరూ చూస్తుండగానే పడమటి వీధికి నడిచి వెళ్ళాడు.

పెదనాన్న ఇల్లెగిరిపోయేలా అరిచాడట. మన నోరు కోసి వాళ్ళకి పెట్టావు, వెళ్ళి తెస్తావా లేదా అని. నాన్న, ఆ చోట మనవాళ్ళు ఊపిరి తీసుకుంటారులే అన్నయ్యా అన్నాడట. పెదనాన్న పంతం కొద్దీ పట్నం వెళ్ళి కొత్త రీడు కొనుక్కొచ్చాడు. నాన్న దాన్ని బిగించలేదు. వాళ్ళు తిరిగొచ్చినప్పుడు అదీ వస్తుంది, అందాకా వాళ్ళ చోటు వాళ్ళకి ఉంచుదాం అన్నాడు.

మరి నాకెందుకు చెప్పలేదు అని అరిచాను. అడిగావా ఎప్పుడైనా, నీకెప్పుడూ ఆయనకి చెప్పడమే సరిపోయేది కదే అంది అమ్మ.

జూన్ 11

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. నాన్న ఎవరినీ ఎదిరించలేదని ఇదే డైరీలో ఎన్ని పేజీలు నింపానో.

జూన్ 12

పడమటి వీధికి వెళ్ళాను. టైలరు మామయ్య మెషిన్ తొక్కడం ఆపి, నోట్లోంచి సూది తీసి, కూర్చోమ్మా అన్నాడు. రీడు చూపించమన్నాను. చూపించడం దేనికి, వినూ అన్నాడు. వాళ్ళ పెట్టె ముందు కూర్చుని అదే పాట అందుకున్నాడు. ‘వేకువ’ దగ్గర ఆ మెట్టు మిగతావాటిని తోసుకుని బయటికొచ్చింది. బొంగురుగా, గట్టిగా. మా రీడ్లు సన్నవమ్మా, ఇదొక్కటే ఇలా అరుస్తుంది, మీ నాన్న పలికాడ్రోయ్ అంటారు మావాళ్ళు అన్నాడు.

ఆయన వాయించాడు. నేను పాడాను. ఆ చోటికి రాగానే నాకు తెలియకుండానే ఊపిరి తీసుకున్నాను. నా ఊపిరిలోకి నాన్న పలికాడు.

రీడు విప్పి ఇమ్మంటావా అన్నాడు. వద్దు మామయ్యా, పెట్టెతో సహా మీరే రండి అన్నాను. పిలిచేవాళ్ళు పిలవాలిగా అన్నాడు. మళ్ళీ మెషిన్ తొక్కడం మొదలుపెట్టాడు గానీ, సూది కింద గుడ్డ లేదు.

జూన్ 13, మధ్యాహ్నం

పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు అన్నది తప్పు, స్పీకర్ సంగతి మాత్రం వెనక్కి తీసుకోను అన్నాను. సగం క్షమాపణ కూడా ఉంటుందా అన్నాడు. పడమటివాళ్ళని పిలుస్తున్నాను, మన పెట్టె నేను వాయిస్తాను, వాళ్ళ పెట్టె మామయ్య వాయిస్తాడు అని చెప్పేశాను. ఆయన చొక్కా బొత్తాం తిప్పాడు. వాళ్ళు వస్తే నేను రాను అన్నాడు. సరే అని లేచాను.

గుమ్మం దాటాక వెనకనుంచి కేకేశాడు. ఇంతకీ ఎన్నింటికేంటి అని.

జూన్ 14

కొత్త కరపత్రం రాసి రెండు వీధుల్లో పంచాను. కాపీ ఇక్కడ అంటిస్తున్నాను.

ఊరివాళ్ళారా!
తోట పని చేసి, పిల్లలకి జడలు వేసి, మేకల కోసం కూడా దేవుడిని అడిగిన మా నాన్న కోసం.
రెండు మందిరాల మధ్య బాట మీద. ముందు వరస ఉండదు, గుండ్రంగా కూర్చుంటాం.
తూర్పువాళ్ళు ఆగిన చోట పడమటివాళ్ళు పాడండి.
నమ్మేవాళ్ళు రండి. నమ్మనివాళ్ళు నా పక్కన కూర్చోండి.
ఆదివారం, సాయంత్రం ఐదింటికి.