సెలూన్‌లో ఎవరూ కాదనలేదు

ఏమండీ,

డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నాను. వంట చేసి మూతపెట్టాను, వేడి చేసుకుని తినండి. వానొచ్చేలా ఉంది, మన సెలూన్ తువ్వాళ్ళు దండెం మీంచి తీసెయ్యండి. ఎన్నో లేవు, ఏడే. పోయిన నెల రోజుకి నలభై ఉతికి చచ్చేదాన్ని.

మధ్యాహ్నం మా తమ్ముడొస్తాడు. మీకు దణ్ణం పెడతాను, వాడి దగ్గర మళ్ళీ ఆ క్రిప్టో మాటెత్తకండి. మొన్న గడ్డం గీస్తూ, కత్తి వాడి గొంతు మీద ఉండగా, "ఏరా, నువ్వూ ఈ కాయిన్ కొంటావు కదా?" అని అడిగారట. అప్పుడు తల అడ్డంగా ఎవడు ఊపుతాడండీ? వాడు కదలకుండా కూర్చుంటే ఒప్పుకున్నాడని ఫోన్‌లో పేరెక్కించేశారు. మా నాన్నకీ అంతే, మీ స్నేహితుడు పోస్ట్‌మాన్‌కీ అంతే.

ఇప్పుడు వీధిలో మగాళ్ళందరికీ గడ్డాలే. నిన్న మా నాన్న వస్తే ఎవరో అనుకుని మొహం మీదే తలుపేశాను. కాయిన్ సంగతేమో గానీ, పెరుగుతున్నవి మాత్రం ఈ గడ్డాలే.

తాళం చెవి పక్కింటి అక్కయ్యకి ఇవ్వండి. ఆవిడకి కాయిన్ గురించి చెప్పకండి.

ఇంకో మాట. వారం నుంచి చూస్తున్నాను, మీరూ గడ్డం గీసుకోవట్లేదు. కత్తి పట్టుకుంటే మీకు మీరే కాయిన్ అంటగట్టుకుంటారని భయమా? సాయంత్రం వచ్చి నేనే గీస్తాను. కత్తి గొంతు దగ్గరికి రాగానే, "ఇక మానేస్తారు కదా?" అని అడుగుతాను.

తల ఊపకండి, తెగుతుంది.