వరసలో ఖాళీ

న్యూ హార్డెన్, అయోవా
మే 3

ప్రియమైన ఆర్డా,

నువ్వు పిరికిదానివి. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, నీకు తెలుసు.

నిన్న బడిలో ట్యులిప్ పండగ వేషాల తనిఖీ. మా వాడి లాగు పొడవు కొలిచావు, మోకాలి అతుకు చూశావు, చెక్కబూట్లలోకి ఆరు జతల మేజోళ్ళు వేశాడా అని అడిగావు. అన్నీ సరిపోయాయి. "పేరు?" అన్నావు. "కార్నెల్" అన్నాడు. అంతే, టేపు చుట్టేశావు. "కార్నీలియా అంటేనే రాసుకుంటా" అన్నావట, పుట్టినప్పుడు నేను పెట్టిన ఆడపేరు!

మగపిల్లలు చాలక మన డచ్చివాళ్ళ జంటల ఆటలో సగంమంది ఆడపిల్లలే లాగులు తొడుక్కుని మగజత కడతారు. ఒకప్పుడు నీ మగజతను నేనే. ఊరంతా చప్పట్లు కొట్టింది. మూడేళ్ళుగా మా వాడికీ కొట్టింది. నేను కూతురనుకుని పెంచినవాడు "వీధిలోనే కాదమ్మా, ఇంట్లోనూ అబ్బాయినే" అనేసరికి ఆకాశం విరిగిపడిందా? బడి అయిపోతోంది, వాడికిదే ఆఖరి పండగ. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు.

నీ లవాన్

మే 5

ప్రియమైన లవాన్,

తిట్టు, పడతాను. నిర్ణయం పండగ సంఘానిది. అధ్యక్షుడు మరీనస్ ఏమన్నాడో తెలుసా? "వేషమంటే సాయంత్రం విప్పేసేది. విప్పనంటే అది వేషమెలా అవుతుంది?" ఊరేగింపు ముందు వీధి కడుగుతాం కదా, వాణ్ణి నీళ్ళ బకెట్లు మోయనీ. అక్కడ పేరెవరూ అడగరు.

నీ ఆర్డా

మే 6

ఆర్డా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. బకెట్లకు పనికొచ్చిన భుజం ఆటకు పనికిరాదా? వాడు రాడు. వాడి చోట ఇంకొకరిని మాత్రం పెట్టకండి.

లవాన్

మే 9

ప్రియమైన లవాన్,

ఎవరినీ పెట్టలేదు. ఇవాళ మొదటిరోజు ఆటలో వాడి జత డెల్లా, గాలికి చెయ్యి చాచి ఆట మొత్తం ఆడింది. "ఆ పిల్లను పక్కకు లాగు!" అని మరీనస్ నా చెవిలో అరిచాడు. "నువ్వే లాగు. చెక్కబూటుతో తన్నితే నా దగ్గరకు ఏడుస్తూ రాకు" అన్నాను. జతలు మారే చోట ప్రతి పిల్లా ఆ ఖాళీ ముందు ఆగి, తల వంచి, చెయ్యి అందించింది. జనం చప్పట్లు ఆపేశారు. వీధంతా చెక్కబూట్ల చప్పుడే. నీ చెయ్యి గుర్తొచ్చింది లవాన్. చెమట పట్టేది, కానీ వదిలేది కాదు.

టేపు తీసుకెళ్ళి సంఘం బల్ల మీద పడేశాను. శనివారం ఆటకు మళ్ళీ తనిఖీ ఉంది, నేను చూడనిదే ఏ వేషమూ వీధిలోకి దిగదు. కింద రాసినవి ఒప్పుకునేదాకా చూడనన్నాను. తలుపేసుకుని ఇంకా వాదించుకుంటున్నారు వాళ్ళు.

నీ ఆర్డా

అడిగినవి:

శనివారం కార్నెల్ తన వరసలో ఆడాలి.

పేర్లు పిలిచేటప్పుడు కార్నెల్ అనే పిలవాలి.

తనిఖీ బట్టలకే. పిల్లలకు కాదు.

మరీనస్, నేను ఇద్దరం కార్నెల్ ఇంటికి వెళ్ళి క్షమాపణ అడగాలి.

నిన్ను అడిగేది ఒక్కటే: వాడికి కడుపునిండా పెట్టు, మేజోళ్ళు ఉతికి ఉంచు.