కదలని చుక్క

నిజామాబాద్,
అక్టోబర్ 3.

రుద్రూర్ చెరుకు రైతుల సంఘం అధ్యక్షులు ముత్తన్న గారికి,

టౌన్ ఆఫీసు నుండి ఆఫ్రీన్ నమస్కారాలు. ఈ సంగతి ఫోన్లో ఎత్తవద్దని మీరు గట్టిగా చెప్పారు కాబట్టి, జీవితంలో మొదటిసారి పోస్టాఫీసుకు వెళ్లి స్టాంపు కవరు కొన్నాను. కౌంటర్లో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూసి, కోర్టుకా అని అడిగాడు.

పోయిన ఏడాది కోసిన చెరుకు మిల్లు గేటు ముందు ట్రాక్టర్ల మీదే ఎండిపోయింది. యార్డులో ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయో తెలియక అందరూ ఒకేసారి కోశారు. మనం కొనబోయే లైవ్ డేటా ప్లాట్‌ఫాం పని అక్కడే మొదలవుతుంది. ప్రతి ట్రాక్టర్‌కూ ఒక పెట్టె బిగిస్తారు. బండి కదిలిన క్షణమే ఆ కబురు తెర మీద చుక్కగా పడుతుంది. అన్ని చుక్కలనూ కలిపి చూసి, ఈ రోజు కోయకండి, రేపు కోయండి అని అదే చెబుతుంది.

రెండు కంపెనీలు వచ్చాయి. ఒకటి హైదరాబాద్‌ది, ఒకటి పుణెది. రెండింటివాళ్లూ ఒకే రంగు చొక్కాలు వేసుకొచ్చి, ఒకే మాటలు చెప్పి, ఒకే హోటల్లో నాకు చాయ్ తాగించారు. ఇద్దరి మీదా నాకు సమానంగా అనుమానం ఉంది.

మిల్లులో క్రషింగ్ ఊపందుకునేలోగా ఒకదాన్ని తేల్చకపోతే నా మూడు నెలల ఉద్యోగం అంతటితో సరి. నియామక పత్రంలో ఆ షరతు కింద మీరే సంతకం పెట్టారు. త్వరగా చెప్పగలరు.

విధేయురాలు,
ఆఫ్రీన్.

తా.క.: ఉద్యోగం పోతే బోధన్‌లో మా మొహసిన్ భాయ్ జిరాక్స్ షాపులో కూర్చోవాలి. మా అమ్మీ అప్పుడే ఆ కుర్చీకి మెత్త కుట్టేసింది.

రుద్రూర్,
అక్టోబర్ 7.

బిడ్డ ఆఫ్రీన్‌కు ముత్తన్న దీవించి రాయునది. ఇక్కడ మేము, బర్లు, చెరుకు అందరం మంచిగున్నం.

ఫోన్ల ఎందుకొద్దన్ననో విను. మొన్న పొద్దుగాల బస్టాండ్ హోటల్ కాడ ట్రాక్టర్ టైర్లు అరిగినయని భోజన్నతోని అన్న. పగటాళ్లకు నా ఫోన్ నిండ టైర్ల బొమ్మలే. నేను చెప్పింది భోజన్నకు. విన్నది ఎవడు? అందుకే ఉత్తరం. పోస్టుమాన్ మధుకర్ గూడ ఇప్పి చదువుతడు గని, వాడు మనూరోడు.

నేను ఎద్దును కొన్నప్పుడు అమ్మేటోని మాట ఎన్నడు వినలే. పది దినాలు తోలుకొచ్చి కట్టేసిన. కట్టిన కాడ నిలబడ్తదా, తాడు తెంపుతదా, ఎవరిని పొడుస్తది, అన్ని సూసిన. గట్లనే ఈ రెండు పెట్టెలను నా ట్రాక్టర్‌కే కట్టు. అది బాయికాడి కొట్టంల ఉంటది, క్రషింగ్ దాక దానికి పనే లేదు. కదలని బండి మీద ఎవడు అబద్ధం చెప్తడో సూద్దం.

ఈ పరీక్ష సంగతి నీకు, నాకు, మా ఇంటామె హన్మవ్వకు తప్ప ఎవ్వరికి తెలువద్దు.

ఇట్లు,
ముత్తన్న.

తా.క.: చదివినంక ఈ ఉత్తరం చింపెయ్. చింపినట్టు నాకు ఒక ఉత్తరం రాయి.

నిజామాబాద్,
అక్టోబర్ 16.

ముత్తన్న కాకాకు ఆఫ్రీన్ సలాములు.

మీరు బిడ్డా అన్నారు కాబట్టి నేనూ గారు తీసేశాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండు పెట్టెలూ బిగించారు. పుణె వాళ్లది సీటు వెనుక ఉంది, ఎర్ర లైటు వెలుగుతుంది. హైదరాబాద్‌ది సీటు కింద, కనబడకుండా. అప్పటి నుండి చూస్తున్నాను. పుణె తెర మీద మీ ట్రాక్టర్ కొట్టంలోనే ఉంది. ఆకుపచ్చ చుక్క, పక్కన 'అన్నీ సవ్యం' అని రాసి ఉంటుంది.

హైదరాబాద్ తెర మాత్రం వేరే మాట చెబుతోంది. రోజూ తెల్లవారి ఐదున్నరకు మీ ట్రాక్టర్ కొట్టం దాటి, చెరుకు పరిశోధన కేంద్రం దారి పక్కన ఖాళీ చెలకలో గుండ్రంగా తిరిగి, ఆరున్నరకు వచ్చి ఎక్కడిదక్కడ నిలబడుతోంది. మొదటి రోజు మధ్యలో పంతొమ్మిది సార్లు ఆగింది. మరునాడు పదకొండు సార్లు. నిన్న నాలుగే. దొంగకు ధైర్యం పెరుగుతున్నట్టుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

మీ బిడ్డ,
ఆఫ్రీన్.

తా.క.: మీ ఉత్తరం చింపాను. మీకు నమ్మకం కలగడానికి నాలుగు ముక్కలు ఇందులో పెట్టాను. మిగతావి ఆఫీసు బీరువాలో భద్రంగా ఉన్నాయి.

రుద్రూర్,
అక్టోబర్ 20.

ఆఫ్రీన్‌కు ముత్తన్న రాయునది.

నీ ఉత్తరం అందంగనే బాయికాడికి పోయిన. తొమ్మిదింటికి. ట్రాక్టర్ ఎక్కడిదక్కడనే ఉంది. టైర్లకు మట్టి ఉంది. ట్రాక్టర్ టైర్లకు మట్టి గాక అత్తరు ఉంటదా?

ఐదు నుండి ఏడు దాక నేను హోటల్ కాడ ఉంట. సంఘం పనులన్ని అక్కడనే అయితయ్. ఆ టైంల హన్మవ్వ బర్లు పిండను బాయికాడనే ఉంటది. ఆమెను అడిగిన. కదల్లేదన్నది. తాళంచెవి డ్రైవర్ ఆశన్న దగ్గర ఒకటి, ఇంట్ల గోడ మొలకు ఒకటి.

అంటే ఏంది? పుణెది కట్టిన కాడ నిలబడ్డ ఎద్దు. హైదరాబాద్‌ది దెయ్యం పట్టినట్టు చెలకల తిరిగే ఎద్దు. ఇగ నాకొక అనుమానం. మీ దస్తగిర్ మామ హైదరాబాద్‌లనే ఉంటడంటగదా. ఏం పని చేస్తడు? నువ్వు గీ దెయ్యాన్నే ఎందుకు ఎనకేసుకొస్తున్నవ్?

ఇట్లు,
అధ్యక్షుడు ముత్తన్న.

తా.క.: హైదరాబాద్‌ది ఒట్టి అబద్ధాల పుట్ట, దాన్ని రేపే పీకి పంపియ్యమని హన్మవ్వ గూడ అంటుంది. నలభై ఏండ్ల సంసారంల ఒక మిషన్ మీద ఆమె గింత గట్టిగ మాట్లాడంగ నేను సూడలే.

నిజామాబాద్,
అక్టోబర్ 24.

అధ్యక్షులు ముత్తన్న గారికి,

మీరు అధ్యక్షుడు అని సంతకం చేశారు కాబట్టి గారు మళ్లీ పెట్టాను.

మా దస్తగిర్ మామ గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాడు. ఆయన దగ్గరున్న పెట్టె ఒక్కటే, పానాలది.

పుణె తెరను భూతద్దం పెట్టి చూసినట్టు చూశాను. ఆకుపచ్చ చుక్క కింద చీమ కాళ్లంత అక్షరాల్లో 'చివరి కబురు: శుక్రవారం సాయంత్రం 6:40' అని ఉంది. పెట్టె బిగించిన రోజు అది. ఆ తరువాత దానికి ఒక్క కబురూ రాలేదు. అది నిలబడ్డ ఎద్దు కాదు కాకా, ఊపిరి ఆగిన ఎద్దు. పుణె అతనికి ఫోన్ చేస్తే, స్థిరత్వమే మా ప్రత్యేకత మేడం అన్నాడు.

ఇంకొకటి. హైదరాబాద్ పెట్టె డీజిల్‌ను కూడా చూస్తుంది. ట్యాంకులో పావు వంతు తగ్గింది. దెయ్యాలు డీజిల్ తాగవు. ఆశన్నను మర్యాదగా ఒకసారి అడగండి. అంతవరకూ పుణె కాగితం మీద సంతకం పెట్టవద్దని నా మనవి.

ఆఫ్రీన్.

తా.క.: మెత్తకు మా అమ్మీ ఇప్పుడు కుచ్చులు కూడా కుడుతోంది.

రుద్రూర్,
నవంబర్ 2.

ఆఫ్రీన్‌కు ముత్తన్న రాయునది.

నువ్వు చెప్పినట్టు మర్యాదగనే అడిగిన, డీజిల్ ఎటు పోతుందిరా అని. ఆశన్న నా మొఖం సూసి, "నన్ను దొంగంటున్నవా పటేలా" అన్నడు. తాళంచెవి చేతుల పెట్టి భీమ్‌గల్‌ల చెల్లె ఇంటికి పోయిండు. పోయేటప్పుడు నవ్విండు. దొంగ ఎందుకు నవ్వుతడు? ఇగ చెరుకు కోసే టైంకు నాకు డ్రైవర్ లేడు. గిది నీ దెయ్యం చేసిన పని.

కమిటీ కూసున్నం. అందరి మాట పుణె మీదనే ఉంది. పదో తారీఖు సంతకాలు. నీ నౌకరి గురించి గూడ అదే దినం మాట్లాడ్తరు. నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. అనుమానమే.

ఇట్లు,
ముత్తన్న.

తా.క.: ఆశన్న పోయి ఐదు దినాలాయె. నిన్న ట్యాంకుల కట్టె పెట్టి కొలిసిన. డీజిల్ ఇంకా తగ్గింది. భీమ్‌గల్‌ల ఉండి గూడ తీస్తుండు. ఎంత పనిమంతుడో సూడు.

రుద్రూర్,
నవంబర్ 9.

ఆఫ్రీన్ బిడ్డకు హన్మవ్వ దీవెనలు. నాకు రాయరాదు. నేను చెప్తుంటే మనుమరాలు అంకిత రాస్తుంది. ఒక్క మాట గూడ మార్చద్దని చెప్పిన.

పోయిన ఏడు మా చెరుకు మిల్లు గేటు దాక పోకముందే చేన్ల మూడు దినాలు ఎండింది. ఆశన్నకు జరమొచ్చింది. ఇంటాయన హోటల్ కాడ కూసొని ఇంకో డ్రైవర్‌ను దేవులాడిండు. నేను చేన్ల కూసొని ట్రాక్టర్‌ను సూసిన. ట్రాక్టర్ నన్ను సూసింది. అప్పుడే అనుకున్న.

ఆ చెలకల తిరిగే దెయ్యాన్ని నేనే. నేర్పింది ఆశన్న. ఎవ్వరికి చెప్పనని ఒట్టు పెట్టిండు, దొంగవని అన్నా చెప్పలే. పెట్టెల సంగతి ఇంటాయన చెప్పంగనే, ఆ శుక్రవారం మాపటికే ఎర్రలైటు పెట్టె తీగ పీకేసిన. రెండోదాని కోసం ఎంత దేవులాడినా దొరకలే. అందుకే అబద్ధాల పుట్ట అన్న. ఆ పెట్టెను, నిన్ను ఇద్దరిని మాటన్నట్టాయె, మనసుల పెట్టుకోకు.

నిన్న మాకు కోసే వంతు వచ్చింది. కోసినం, నింపినం, డ్రైవర్ లేడు. నేనే ఎక్కిన. బస్టాండ్ హోటల్ ముంగట ఇంటాయన చాయ్ గ్లాసు నోటికాడ పట్టుకొని అట్లనే ఉన్నడు. హారన్ కొట్టిన. మోటరు సైకిలేసుకొని మిల్లు దాక నా ఎనుకనే వచ్చిండు. గేటు కాడ ట్రాక్టర్ మీద ఒక చెయ్యి పెట్టి, ఇంకో చేత్తోని ఫోన్ల పుణె దాన్ని తెరిసిండు. ట్రాక్టర్ కొట్టంల ఉంది, అన్నీ సవ్యం అని ఉన్నది. ఫోన్‌ను సూసిండు, ట్రాక్టర్‌ను సూసిండు, నన్ను సూసిండు. నా చెయ్యి పట్టుకొని ట్రాక్టర్ దించిండు. పెండ్లయినంక గది మొదటిసారి.

అక్కడనే సీటు కింద ఎతికిచ్చి హైదరాబాద్ దాని తీగ గూడ పీకిన. జరసేపట్లనే ఫోన్ల దాని చుక్క నల్లగయి, 'కబురు లేదు, బండి ఎక్కడుందో తెలియదు' అని వచ్చింది. గది కావాలె బిడ్డా. తెలువనప్పుడు తెలువదని చెప్పేది. తెలువకున్నా అన్నీ సవ్యం అనేటోడు నాకు ఇంట్ల ఒకడున్నడు, సంఘానికి ఇంకొకడెందుకు?

ఈ మాట కమిటీల నేనే చెప్పిన. రేపటి దాక ఆగకుంట ఇయ్యాల్లనే తేల్చినం. హైదరాబాద్‌ది ఖాయం, నీ నౌకరి ఖాయం. మీ అమ్మీతోని ఆ మెత్త ఆఫీసు కుర్చీకే పంపుమను. ఆశన్నను తోలుకరాను భోజన్న భీమ్‌గల్ పోయిండు.

నాది ఒక్కటే షరతు. మా పక్కింటి సుష్మ, సుమన గూడ ట్రాక్టర్ నేర్చుకుంటరంట. పొద్దుగాల ఐదున్నర నుండి ఆరున్నర దాక తీగ మేమే పీకుతం. నీకు కబురు లేదని వస్తది. దొంగలని రాయకు.

హన్మవ్వ. (వేలిముద్ర)

తా.క.: ఇది ముత్తన్న రాస్తున్న. ఈ ఉత్తరం చింపకు. కమిటీ తీర్మానం దీని ఎనుకనే రాసి సంతకాలు పెట్టినం. పాతదాని ముక్కలు గూడ అతికించి ఫైల్ల పెట్టు. పొద్దుగాల ఐదింటికి నేను హోటల్ కాడ దొరక, బాయికాడ బర్లు పిండుతున్న. ఈ సంగతి మాత్రం ఫోన్ల ఎవ్వరికి చెప్పకు.