ఖాళీ అట్టలు

ములుగు,
4 ఆగస్టు 1985

ప్రియమైన మీకు,

ప్రభువు నామంలో వందనాలు. ఆసుపత్రి క్వార్టర్‌లో దిగి వారమైంది. గది కురుస్తోంది. మీకు గుండెనొప్పి వచ్చి నాలుగు నెలలైనా నిండకముందే ఈ బదిలీ! ఏం చేస్తాం, పైవాళ్ల ఆర్డరు.

ఆస్పిరిన్ మరవకండి. నెత్తురు గడ్డకట్టకుండా కాపాడేది అదే. మీ మాట నమ్మను, మాత్రలు అయిపోయిన ఖాళీ అట్టలు ఉత్తరంలో పెట్టి పంపండి. బీపీ మాత్రలు పరుపు కింద దొరికిన సంగతి నేనింకా మరవలేదు. మీరు పడుకుంటే ఎవరూ లేపొద్దని అత్తమ్మకు చెప్పండి. గుండెకు నిద్రే సగం మందు.

మీ విమల

వరంగల్,
20 ఆగస్టు 1985

ప్రియమైన విమలకు,

అట్ట పెట్టాను, చూసుకో. పదికి పదీ ఖాళీ. "సుందర్ రావు పెండ్లానికి లవ్ లెటర్ల గోలీల అట్టలు పంపుతాండు" అని ప్రెస్సులో ఒకటే నవ్వులు.

అమ్మ నీ మాటను చాటింపే వేసింది. "లేపకుర్రి, బిడ్డ గుర్రు పెట్టి పండిండు, మంచిగనే ఉన్నడు" అంటూ వచ్చినవాళ్లను గడప దగ్గరే ఆపేస్తోంది. పది గంటలు పడుకుంటున్నాను. అయినా లేస్తే తల దిమ్ముగా ఉంటుంది, అక్షరాలు పేరుస్తూ కునికిపాట్లు పడుతున్నాను. మొన్న ఒక పెండ్లి పత్రికలో పెండ్లికొడుకు పేరే వదిలేశాను.

నీ సుందర్

ములుగు,
13 అక్టోబర్ 1985

ప్రియమైన మీకు,

ప్రెస్సు మెట్ల మీద రొమ్ము పట్టుకుని కూలబడ్డారట. పక్కింటి రత్నం రాస్తే తెలిసింది, మీరు రాయలేదు. మాత్ర వేసుకునే మనిషికి ఇలా ఎందుకవుతుంది? మాత్రలు పారేసి అట్టలు పంపుతున్నారు. నన్ను మోసం చేస్తే చేశారు, మీ ప్రాణాన్ని ఎందుకు మోసం చేసుకుంటారు?

విమల

వరంగల్,
19 అక్టోబర్ 1985

విమలా,

బైబిలు మీద చెయ్యి పెట్టి రాస్తున్నాను. ఒక్క మాత్ర కూడా పారేయలేదు. ఇప్పుడు రోజూ అమ్మ ముందు మింగి, నాలుక చాపి చూపిస్తున్నాను. నలభై ఎనిమిదేళ్లవాణ్ణి! నువ్వే నమ్మకపోతే నాకింకెవరున్నారు?

సుందర్

ములుగు,
18 నవంబర్ 1985

ప్రియమైన మీకు,

పోయిన వారం మీకు మళ్లీ పెద్ద గుండెనొప్పి వచ్చాక నాలుగు రోజులు మీ మంచం పక్కనే ఉన్నాను కానీ ఈ మాట నోట రాలేదు. చార్జి అప్పగించడానికి ఇక్కడికి వచ్చి రాస్తున్నాను.

మిమ్మల్ని చూసిన డాక్టర్ పాండురంగం గారు నన్ను బయటికి పిలిచి, "ఈయనకు నిద్రల ఊపిరి ఆగుతాందా సిస్టర్?" అన్నారు. అలా ఆగినప్పుడల్లా నెత్తురు గడ్డకట్టే గుణం పెరుగుతుందేమో, అప్పుడు ఆస్పిరిన్ చాలదేమో అన్నారు. "నాకు గూడ పక్కాగ తెల్వదు. ఈ నడుమనే చదువుతున్న" అని కూడా అన్నారు.

నాకు తెలుసండీ. పదేళ్లుగా మీ ఊపిరి ఆగినప్పుడల్లా భుజం పట్టి కుదిపింది నేనే. మీరు మళ్లీ గురక అందుకునేదాకా నాకు కన్ను మూతపడేది కాదు. మొగుడి గురక గురించి చెప్తే నవ్వుతారని ఏ డాక్టరుకూ చెప్పలేదు. నేను నర్సును!

ఇంకో మాట. ఈ బదిలీ పైవాళ్లు వేసింది కాదు, నేనే అర్జీ పెట్టుకున్నాను. ఒక్క ఏడాదైనా కంటినిండా నిద్రపోవాలనుకున్నాను. ఇప్పుడు మందులున్నాయి కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. లేపొద్దని రాసిన చెయ్యి కూడా నాదే.

మీ అట్టలు తొమ్మిదీ నా పెట్టెలో ఉన్నాయి. మీరు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. గుండె సగానికి పైగా పోయిందట, అది ఇక తిరిగి రాదట.

గురువారం మొదటి బస్సుకు వస్తాను. అప్పటిదాకా మిమ్మల్ని లేపుతూ ఉండమని అత్తమ్మకు విడిగా రాశాను. ఎందుకు లేపాలో ఆమెకు చెప్పలేదు, మీరే చెప్పండి. రానిస్తే మీ పక్కనే కూర్చుంటాను.

విమల