గేటు ఇవతలి ఆసుపత్రి

మనవరాలి మొగుడికి తాత చెబుతున్నది. రాస్తున్నది నీ పెళ్లామే.

తాళం పక్కింట్లో ఇచ్చాం. రిపోర్టుల సంచి, రెండు దుప్పట్లు తీసుకుని రైలుగేటు ఇవతలి ఆసుపత్రికి రా. కాన్పుకి పేరు అక్కడే రాయిస్తున్నాను. నువ్వు ఎంచిన అద్దాల ఆసుపత్రిలో ఏసీ గదులుంటే నువ్వే వెళ్లి పడుకో. అది గేటు అవతల ఉంది. ముప్పై ఏళ్లు ఆ గేటు వేసినవాణ్ణి. ఒకసారి పడితే ఎంతసేపటికి లేస్తుందో నన్నడగాలని నీకు తోచలేదు. పైగా "ముసలాయనకేం తెలుసు" అన్నావట. ఇక్కడికొచ్చి నోరు లేపావంటే బయట బల్ల మీదే కూర్చోబెడతా.

(తాత ఇంకా చాలా తిట్టారు, నేను రాయలేదు.)

ఇంకో ముక్క. ఈ పిల్లకీ ఇవాళే చెబుతున్నా. మీ అత్తగారికి ఓ తమ్ముడు ఉండాల్సింది. మా ఆవిడ నొప్పులతో రిక్షాలో ఆ గేటు ముందే ఆగిపోయింది. ఆ పూట గేటు వేసింది నేనే.