మా క్లబ్బు కాలువ కారిన సంగతి

క్రాగ్‌డేల్,
మార్చి 9, 1986

ప్రియమైన మ్యూరియల్‌కు,

ఇక్కడ నేనూ, మీ నాన్నగారూ, పిల్లీ కులాసా. అక్కడ నువ్వూ, మన అమ్మాయి హేజెలూ, దాని పసిపిల్లా కులాసా అని తలుస్తాను. అలవాటు కొద్దీ కులాసా అని రాశాను గానీ, పిల్లి విషయంలో తప్ప అది పూర్తిగా నిజం కాదు. నెమ్మదిగా చెబుతాను. ఇవాళ ఒంట్లో ఓపిక లేదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. చూరు గొట్టం బాగు చేయించాను. తిండి తింటున్నాను, రోజూ టోస్టు మీద చిక్కుడు గింజలే అయినా. పసిదానికి మీ అమ్మ పేరు పెట్టారని చెబితే మీ నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నాన్న క్లబ్బుకు వెళ్లడం ఎందుకు మానేశారని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ జలుబని రాశాను. జలుబు కాదు.

ఈస్టర్ ప్రదర్శనకి క్లబ్బులో బల్ల మీద కట్టిన మా బుల్లి రైళ్ల ఊరికి కొత్తగా ఒక కాలువ, రేవు, గట్టున చెట్లు చేర్చాలనుకున్నాం కదా. పదహారేళ్లుగా అదే స్టేషను చుట్టూ అవే రైళ్లు తిరుగుతుంటే చూసేవాళ్లకీ విసుగే. తీగలు మెలిపెట్టి నలభై చెట్లు నేనే చేశాను, వేళ్లింకా సలుపుతున్నాయి. కాలువ అడుగు మీ నాన్నగారి పని. బురద రంగు వేసి, చెక్కలోని కన్నాలన్నీ పుట్టీ పెట్టి మూశారు. నీళ్లలా కనబడాలని పైన పోసే రెసిన్ అనే జిగురుకి సూదిబెజ్జం దొరికినా చాలు, గడ్డకట్టేలోపు కిందికి దిగిపోతుంది. కిందేమో పట్టాలు మార్చే మోటార్లుంటాయి.

ఆ రెసిన్ పోయడం నా వంతు. మర్నాడు వెళ్లి చూస్తే కాలువ సగం ఖాళీ. కారిన రెసిన్ గడ్డకట్టి నాలుగు మోటార్లు బిగుసుకుపోయాయి. ఏ రైలూ పక్క లైనులోకి మళ్లదు.

మా అధ్యక్షుడు గిల్బర్ట్ టీ కప్పు పక్కన పెట్టి బల్ల కింద దూరి చూసి వచ్చాడు. అతని నోరు నీకు తెలిసిందే.

"కన్నాలన్నీ మూసేశానన్నారు కదా క్లిఫర్డ్ గారూ?"

"మూశానయ్యా."

"మరి ఇదేంటండీ? చిటికెన వేలు పట్టేట్టుంది!"

మీ నాన్నగారు వంగి ఆ కన్నంలో వేలు పెట్టి చూశారు. "మూశాననే అనుకున్నానే... మర్చిపోయానేమో."

"ఎనభై ఒకటొచ్చాయి, ఇంక కాలువలు మాకొదిలేసి గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపుకోండి సార్!"

ఎవరో కిసుక్కుమన్నారు. మీ నాన్నగారూ నవ్వారు. ఆ సాయంత్రమే క్లబ్బు తాళంచెవి గిల్బర్ట్ చేతిలో పెట్టి వచ్చేశారు.

అప్పట్నించీ గ్యాసు కట్టేశానా లేదా అని గంటకోసారి లేచి చూసుకుంటున్నారు. మొన్న వృద్ధాశ్రమం కాగితాలు తెప్పించుకున్నారు.

"ఏంటి మామయ్యా ఇది?" అన్నాను.

"మతి పూర్తిగా పోకముందే నా కాళ్ల మీద నేను వెళ్తే మర్యాదగా ఉంటుంది అల్లుడూ. శుక్రవారం సంతకం పెట్టేస్తాను. అమ్మాయికి నువ్వే మెల్లగా చెప్పు."

మ్యూరియల్, ఆ కన్నం నాది. ఆయన అన్నీ మూశాక, రేవులో పెట్టిన క్రేను బాగా కనబడటం లేదని నేను దాన్ని పక్కకి జరిపాను. దాన్ని కాలువ అడుగుకి బిగించిన పాత బోల్టు పీకి, ఆ కన్నం మూయడం మర్చిపోయాను. మిల్లు నుంచి తిన్నగా వెళ్లాను, నిలబడే ఓపిక లేదు. మూడు రోజుల్లో మూడు పొరలుగా పోయవలసింది ఒక్కసారే కుమ్మరించి ఇంటికొచ్చేశాను. గిల్బర్ట్ అడిగినప్పుడే నోరు విప్పితే నాలుగు ఎకసెక్కాలతో పోయేది. పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసేవాడు డెస్మండ్ అని నాకో పేరుంది కదా, అది పోతుందని ఊరుకున్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అంటూ మూడు వారాలు గడిపాను. ఆయన ముందు కూర్చుని టీ తాగడానికి కూడా సిగ్గుగా ఉంది. బాగా అలిసిపోయాను మ్యూరియల్.

కవరు అంటించకుండా ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను, చదివి పోస్టు చెయ్యమని. ఎదురుగా నిలబడి చెప్పలేకపోవడం కూడా పిరికితనమేనని తెలుసు.

ఇట్లు,
నీ చేత చీవాట్లు తినవలసిన నీ భర్త,
డెస్మండ్

అమ్మా మ్యూరియల్, చదివాను. మూడు వారాలుగా పొద్దున లేవగానే లీడ్స్ నుంచి కార్లైల్ దాకా రైల్వే స్టేషన్లన్నీ వరసగా నాకు నేనే అప్పజెప్పుకుంటున్నాను. ఒక్కరోజు కూడా ఒక్కటీ తప్పలేదు. అయినా నన్ను నేను నమ్మలేదు. ఆ ఆశ్రమం కాగితాలు ఇప్పుడే నిప్పుల్లో వేశాను. నీ మొగుడు పక్కగదిలో కూర్చుని ఏడుస్తున్నాడు, కాసేపు ఏడవనీ. గురువారం క్లబ్బులో అందరి ముందూ చెబుతాడట. నేను ముందు వరసలో కూర్చుంటాను.

నాన్న